సాయంత్రం అరగంట

యాంగోన్, మింగళ తౌంగ్‌న్యున్
14 జనవరి 2024

చిరంజీవి కృష్ణకుమార్‌కు,

మేనత్త సుధామణి దీవెనలు. నువ్వు కొరియా వెళ్లి నాలుగు నెలలు దాటింది. మన ఒప్పందం గుర్తుందా? ఫోన్లో ఎన్ని ముచ్చట్లు పెట్టుకున్నా, నెలకో ఉత్తరం కాగితం మీద తెలుగులో రాసి, ఫోటో తీసి పంపాలి. ఆదివారాలు గుడి హాల్లో నిన్ను కూర్చోబెట్టి గుణింతాలు దిద్దించింది నేను. పోయిన ఉత్తరంలో ఎనిమిదే వాక్యాలున్నాయి. నేను లెక్కల టీచర్ని, లెక్కపెడతాను.

ఇక్కడ కరెంటు నాలుగు గంటలుంటే నాలుగు గంటలుండదు. మీ నాన్న అహ్లోన్ రేవులో గుమాస్తా పని ముగించుకుని, మూడంతస్తులూ ఎక్కి వచ్చి, లిఫ్టు లేనందుకు రోజూ నన్నే తిడతాడు. ఈ బిల్డింగు నేనే కట్టించినట్టు.

ఈసారి నీతో ఒక పని పడింది. నా దగ్గర సోయోన్ అనే కొరియా అమ్మాయి ట్యూషన్‌కి వస్తోంది. పదిహేడేళ్లు. తండ్రి బట్టల ఫ్యాక్టరీ మేనేజరు, నాలుగేళ్లుగా ఇక్కడే ఉంటున్నారు. విదేశాల్లో చదివిన కొరియా పిల్లలకు సియోల్‌లో విడిగా ఒక ప్రవేశ పరీక్ష ఉంటుందట. అది జులైలో. మూడు సబ్జెక్టులు, అందులో లెక్కలు నావి. స్కూలు అయిపోగానే నా దగ్గరికి, నా దగ్గర్నుంచి ఇంకో మాస్టారి దగ్గరికి. అన్నం కార్లోనే తింటుంది. నాతో బర్మీస్‌లోనే మాట్లాడుతుంది, మనవాళ్ల పిల్లలకంటే బాగా. ఇక్కడి పిల్లలందరూ టీచరమ్మల్ని పిలిచినట్టే నన్ను సయామ అంటుంది.

పాఠం అయిదింటికి అయిపోతుంది. ట్రాఫిక్ వల్ల కారు అయిదున్నరకి గానీ రాదు. ఆ అరగంట సోయోన్ కిందికి దిగి, రెండో అంతస్తు చిన్నమ్మి జట్టుతో సందులో చిన్‌లోన్ ఆడుతుంది. నీకు తెలిసిందే కదా, ఆరుగురూ గుండ్రంగా నిలబడి పేము బంతిని కాళ్లతో అందిస్తూ నేల తాకకుండా ఆడటం, గెలుపోటములు లేకుండా. నా బాల్కనీలోంచి ఆ పిల్ల నవ్వు వినిపిస్తుంది. పై నుంచి తొంగి చూస్తే నాలుక బయటపెట్టి మరీ తంతూ ఉంటుంది. వాళ్లమ్మకి ఇది తెలియదు. తెలిస్తే నా పని అయిపోతుంది.

నాకు సందేహం పట్టుకుంది. ఆ అరగంటలో రెండు లెక్కలు చేయించొచ్చు. నువ్వు వాళ్ల మధ్యే ఉన్నావు, వాళ్ల పిల్లలు ఎలా చదువుతారో కళ్లారా చూస్తున్నావు. ఆపమంటావా, ఉంచమంటావా? తోచింది రాయి. వేళకి తిను.

నీ అత్త
సుధామణి

దేగు
4 ఫిబ్రవరి 2024

అత్తకి నమస్కారాలు.

ఇందులో ఎనిమిది కంటే ఎక్కువ వాక్యాలే ఉంటాయి. లెక్కపెట్టుకో.

ఇక్కడ చలి ఘోరంగా ఉంది. చేతులు పగిలిపోయాయి. రాత అందుకే వంకరగా ఉంది. భాష క్లాసు పొద్దున్న తొమ్మిదింటికి మొదలవుతుంది. అది అయిపోగానే తిన్నగా లైబ్రరీకి వెళ్తాను. సాయంత్రాలు నేను ఫోన్ ఎత్తడం లేదని నాన్న కోప్పడుతున్నాడు కదా. లైబ్రరీలో ఫోన్లు ఆపేయాలి, ఆయనకి చెప్పు.

నువ్వు అడిగిన సంగతి. ఇక్కడి పిల్లలు చాలా గట్టివాళ్లు అత్తా. లైబ్రరీ తలుపులు మూసేదాకా కుర్చీలోంచి లేవరు. స్నేహితులూ, ఆటలూ అన్నీ పరీక్ష తర్వాతే. ఎవరూ ఏడవరు, అలిసిపోయామని అనరు. నేనూ వాళ్లలాగే అలవాటు చేసుకున్నాను. మొదట కష్టంగా ఉండేది. ఇప్పుడు లేదు.

ఆ అమ్మాయి అరగంట ఆపేయ్. నువ్వు జాలిపడితే ఆమెకే నష్టం. జులై ఎంతో దూరంలో లేదు. ఇక్కడ పరీక్ష రాసే వాళ్లెవరూ బంతాట ఆడుతూ ఉండరు.

నాన్నని మోకాలికి నూనె రాసుకోమను.

బుద్ధిగా చదువుకుంటున్న నీ మేనల్లుడు
కృష్ణకుమార్

యాంగోన్
25 ఫిబ్రవరి 2024

చిరంజీవి కృష్ణకుమార్‌కు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ నాన్నకి ఒకసారి చదివి వినిపించాను. కళ్లు తుడుచుకుంటూనే, "ఆడికి అంత బుద్ధి ఎప్పుడొచ్చిందే? ఇక్కడున్నన్నాళ్లూ పుస్తకం ముట్టుకుంటే ఒట్టు! ఎవత్తినో చూసుకునుంటాడు, సాయంత్రాలు ఫోన్ ఎత్తనిది అందుకే" అన్నాడు. నేను కసిరాను. మీ నాన్నకి మంచి మాట అరిగి చావదు.

నీ ఉత్తరాన్ని సోయోన్‌కి కూడా బర్మీస్‌లో చెప్పాను. నా మేనల్లుడు మీ దేశంలోనే ఎలా కష్టపడుతున్నాడో చూడమ్మా అన్నాను. తలదించుకుని వింది. మర్నాటి నుంచి అరగంట ఆపేశాను. ఇప్పుడు కారొచ్చేదాకా లెక్కలే. వాళ్లమ్మకి కూడా నీ గురించి చెప్పాను. ఎంత సంతోషించిందో! ఇంటి దగ్గర రోజూ నీ పేరే చెబుతోందట.

చిన్నమ్మి మాత్రం నా మీద కారాలూ మిరియాలూ నూరుతోంది. గుమ్మంలో నిలబడి, "ఏటత్తా, మ సో ఏటి తప్పు సేసింది? అయిదుగురం ఎలా ఆడతాం? దానికి మేం తప్ప ఇక్కడ ఎవులున్నారు?" అని నిలదీసింది. సోయోన్‌ని వాళ్లంతా మ సో అంటారు, సో అక్క అని. పరీక్ష అయ్యాక ఆడుకోండి అన్నాను. తలుపు ధడాలున వేసి పోయింది. దాని నోరు వాళ్లమ్మ నోరే.

మార్కులు పెరిగాయి. నూటికి డెబ్బై వచ్చేవి, ఇప్పుడు ఎనభై ఎనిమిది. నువ్వు చెప్పినది నిజమేనని ఒప్పుకుంటున్నాను.

ఇంకో సంగతి. మగపిల్లల్ని సైన్యంలోకి పిలిచే చట్టం గురించి వినే ఉంటావు. మన వీధిలో పేర్లు రాసుకుని వెళ్లారు. నీ పేరు అడిగితే చదువుకోడానికి వెళ్లాడని చెప్పాం. ఎంత బెంగ పుట్టినా సరే, ఇప్పట్లో రాకు. నువ్వు చదువులో ఉన్నావన్న ఒక్క ధైర్యంతోనే మేం తింటున్నాం.

అత్త
సుధామణి

దేగు
17 మార్చి 2024

అత్తా,

నమస్కారం. చట్టం గురించి ఇక్కడి మనవాళ్లంతా అదే మాట్లాడుకుంటున్నారు. భయపడకండి. నాకేం పర్వాలేదు.

మొన్నటి పరీక్షలో క్లాసులో రెండోవాడిగా వచ్చాను. నాన్నకి చెప్పు. సోయోన్‌కి కూడా చెప్పు, ఆమెకి ఉత్సాహంగా ఉంటుంది. నేను రోజుకి అయిదు గంటలే పడుకుంటున్నానని చెప్పు. మెదడు అలవాటు పడితే అది చాలు.

రాజమోహన్ మామయ్య ఏదో పని మీద దేగు వస్తున్నాడని నాన్న మెసేజ్ పెట్టాడు. నా హాస్టల్‌కి పంపకండి, బయటివాళ్లని రానివ్వరు. ఆవకాయ గట్రా ఇస్తే స్టేషన్లో తీసుకుంటాను.

చదువుకోవాలి, ఉంటాను.

బుద్ధిగా చదువుకుంటున్న
కృష్ణకుమార్

యాంగోన్
5 మే 2024

చిరంజీవి కృష్ణకుమార్‌కు,

తింజాన్ నీళ్ల పండగ వచ్చి వెళ్లిపోయింది. పిల్లలు సందులో నీళ్లు చల్లుకుంటుంటే మేం కిటికీలు మూసుకుని కలన గణితం చేశాం. ఎండకి గోడలు చెయ్యి పెట్టలేనంత కాలుతున్నాయి. రాజమోహన్ నిన్ను చూసి చిక్కిపోయావన్నాడు, అంగీ మీద నల్లటి మరకలున్నాయన్నాడు. సిరా పెన్నులు ఇంకా వాడతారా అక్కడ? నీ రెండో ర్యాంకు మాటకి మీ నాన్న సందంతా లడ్డూలు పంచాడు.

సోయోన్ గురించి రాయాలి. మార్కులు తొంభై నాలుగు. వాళ్లమ్మ సంతోషంగానే ఉంది. కానీ నిన్న నోటు పుస్తకం దిద్దుతుంటే పేజీల మధ్య వెంట్రుకలు కనిపించాయి. పొట్టి పొట్టివి. తల వెంట్రుకలు కావు. ఆ పిల్ల ముఖం వైపు సరిగ్గా చూశాను. ఎడమ కనుబొమ్మ సగం లేదు. లెక్క చేస్తూ ఎడంచేత్తో పీకేసుకుంటోంది, తనకే తెలియకుండా. ఇన్నాళ్లూ రోజూ ఎదురుగా కూర్చుని నేనెందుకు చూడలేదో తెలియదు. కాగితం చూశానంతే.

ఏమ్మా అని అడిగాను. "ఏం లేదు సయామ, ఎక్కువ ఆలోచిస్తే చెయ్యి అక్కడికి పోతుంది" అంది. కాసేపటికి తనే అడిగింది, "మీ కృష్ణకుమార్‌కి అయిదు గంటల నిద్ర నిజంగా సరిపోతుందా? నాకు సరిపోవడం లేదు. నాలో ఏదైనా లోపం ఉందా?" అని. 

నీకెప్పుడైనా ఇలా అవుతుందా నాయనా? అక్కడి పిల్లలకి అవుతుందా? అరగంట మళ్లీ ఇచ్చెయ్యాలని నా మనసు పీకుతోంది. వాళ్లమ్మతో మాట్లాడే ముందు నీ మాట కావాలి. నువ్వు వాళ్లని ఎరిగినవాడివి. దాచకుండా రాయి.

అత్త
సుధామణి

దేగు
26 మే 2024

అత్తా,

ఆలస్యమైంది, క్షమించు. గది మారాను.

అది అలసటే. పరీక్షల ముందు ఇక్కడ కూడా కొందరికి అలాగే ఉంటుంది. పరీక్ష అవగానే తగ్గిపోతుంది. ఆరు వారాలు మిగిలాయి, ఇప్పుడు వదిలేస్తే పడిన కష్టమంతా పోతుంది. వాళ్లమ్మకి చెప్పి కంగారు పెట్టకు.

నేను బాగానే ఉన్నాను.

కృష్ణకుమార్

యాంగోన్
28 జులై 2024

కృష్ణకుమార్‌కు,

నువ్వు చెప్పినట్టే ప్రయాణం రోజు దాకా వదలకుండా చదివించాను. జూన్ చివర్లో తల్లీ కూతుళ్లు సియోల్ వెళ్లారు. వెళ్లేముందు సోయోన్ నా కాళ్ల దగ్గర కూర్చుని మన పిల్లల్లాగే దణ్ణం పెట్టింది. చిన్నమ్మి నేర్పిందట. కుడి కనుబొమ్మ కూడా పోయింది. పెన్సిల్‌తో గీసుకుంది.

నిన్న వాళ్లమ్మ ఒక్కతే వచ్చింది. ఇల్లు ఖాళీ చేయడానికి యాంగోన్ వచ్చిందట. మెట్లన్నీ ఎక్కి, చెప్పులు విడిచి, ఆయాసం తీరకుండానే చెప్పింది. సోయోన్ పరీక్ష హాల్లో కూర్చుంది. పేరు రాసింది. మిగతా రెండు గంటలూ కాగితం వైపు చూస్తూ ఉండిపోయింది. ఒక్క లెక్క కూడా చెయ్యలేదు. బెల్లు కొట్టినా లేవలేదట, ఇద్దరు పట్టుకుని లేపారు. ఆ రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు. డాక్టరుకి చూపిస్తున్నారు. పోహాంగ్‌లో అమ్మమ్మ దగ్గర ఉంచారు.

తర్వాత ఏం జరిగిందో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, నేల మీద తల ఆనించి, నాకు క్షమాపణ చెప్పింది. "మీరు అంత శ్రమపడి నేర్పారు. మా అమ్మాయి మీ శ్రమంతా వృథా చేసింది" అంది. నాకు! నేను లేవదీయబోతే లేవలేదు. మిఠాయి పెట్టె కూడా తెచ్చింది. అది అలాగే బల్ల మీద ఉంది. మీ నాన్న ముట్టుకోబోతే అరిచాను.

ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. అక్కడి పిల్లలందరూ ఇలాగే చదువుతారన్నావు, ఎవరూ ఏడవరన్నావు. మరి ఈ పిల్ల ఎందుకు విరిగిపోయింది? నేను ఎక్కడ తప్పు చేశాను? నువ్వు చూసినదంతా ఉన్నదున్నట్టు రాయి.

సుధామణి

దేగు
11 ఆగస్టు 2024

అత్తా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చించేశాను.

నేను చూసింది ఏమీ లేదు. ఆ లైబ్రరీలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు.

డిసెంబరు నుంచి ఒక మాంసం హోటల్లో పని చేస్తున్నాను. బల్లల మీద మాంసం కాల్చే ఇనప జల్లెళ్లు తోమడం నా పని. రాజమోహన్ మామయ్య చూసిన మరకలు మసి. చేతులు పగిలింది సోడా వల్ల. క్లాసులో ఎవరి మాటా అర్థమయ్యేది కాదు. నాతో మాట్లాడేవాళ్లు లేరు. వంటింట్లో ఇద్దరు బర్మా వాళ్లుండేవారు. అక్కడుంటే మనిషిలా అనిపించేది. క్లాసులు మానేశాను. హాజరు చాలక మేలో వీసా పొడిగించలేదు. ఇప్పుడు నాకు కాగితాలు లేవు. ఇక్కడుండటం తప్పు. వస్తే సైన్యం. నాన్న లడ్డూలు పంచాడని చదివిన రోజు నేను ఆ జల్లెళ్ల ముందే కూర్చుని ఏడ్చాను.

నువ్వు సోయోన్ గురించి అడిగినప్పుడు సిగ్గేసింది. నేను బాగా చదువుతున్నానని నువ్వు అనుకోవాలనిపించింది. మొదటి ఉత్తరంలో ఒక అబద్ధం రాశాను. మిగతావన్నీ దాన్ని నిలబెట్టడానికి రాసినవి.

ఇక్కడి పిల్లల్ని చూశాను. మా హోటలుకే వస్తారు, ఆరుగురూ ఎనమండుగురూ కలిసి. పరీక్ష పోయినవాడు బల్ల మీద తల పెట్టి ఏడుస్తాడు. పక్కవాళ్లు వాడి పళ్లెంలో మాంసం ముక్కలు పెడుతూ ఉంటారు, వీపు రాస్తారు. గంట తర్వాత అందరూ నవ్వుకుంటూ పోతారు. అదంతా రోజూ చూస్తూ నీకు వేరే రాశాను. వెంట్రుకల సంగతి రాసినప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. నువ్వు మళ్లీ ఏమైనా అడుగుతావని భయపడ్డాను.

నన్ను ఏమన్నా పడతాను.

కృష్ణకుమార్

యాంగోన్
18 ఆగస్టు 2024

కృష్ణా,

మూడు రోజులు నీకు రాయకూడదనుకున్నాను. మీ నాన్నకి నీ వీసా సంగతి చెప్పాను. మిగతాది చెప్పలేదు. గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. "ఆడు తిన్నాడో లేదో అడగవే" అన్నాడు, అంతే. కాబట్టి అడుగుతున్నాను. తింటున్నావా?

నాకు నీ మీద కోపంగా ఉంది. తిట్టడానికి ఎన్ని మాటలు దొరికాయో నీకు తెలియదు. అన్నీ కొట్టేశాను. ఎందుకంటే ఆ పిల్ల నాకు రెండడుగుల దూరంలో కూర్చుంది. దాని నవ్వు నేను విన్నాను. కనుబొమ్మ పోవడం చూశాను. అన్నీ నా కళ్లముందు పెట్టుకుని, సముద్రాల అవతల ఉన్న నిన్ను అడిగాను. ముప్పై ఏళ్లుగా పిల్లలకి, లెక్కలో ఇచ్చిన అంకెలు ముందు సరిగ్గా చూడమని చెబుతున్నదాన్ని. నువ్వు అబద్ధం రాశావు. నమ్మి అమలు చేసింది నేను. నా పాపం నీ నెత్తిన పెట్టను, నీది నేను మోయను.

ట్యూషన్లు ఆపేశాను. ఎందుకని అడిగినవాళ్లకి కళ్లు సరిగ్గా కనబడడం లేదన్నాను.

సోయోన్ వాళ్లింటికి ఫోన్ చేస్తే వాళ్లమ్మ, "పర్వాలేదు సయామ, మీ తప్పేం లేదు" అంటుంది గానీ ఫోన్ పిల్లకి ఇవ్వదు. చిన్నమ్మి రాసిన రెండు ఉత్తరాలకీ జవాబు రాలేదు. పోహాంగ్ నీకు బస్సులో గంటన్నరట. అడ్రసు వెనక పేజీలో రాశాను. నువ్వు వెళ్లి ఆ పిల్లకి నిజం చెప్పాలి. కాగితాలు లేనివాడికి బస్సెక్కడం ఎంత భయమో నాకు తెలుసు. అయినా వెళ్లమంటున్నాను. తనలో ఏదో లోపం ఉందని అనుకుంటోంది ఆ పిల్ల. లోపం తనది కాదని చెప్పడానికి మనిద్దరమే ఉన్నాం. నేను అక్కడికి రాలేను.

పట్టుకుంటారేమో. జాగ్రత్తగా వెళ్లు.

అత్త

దేగు
8 సెప్టెంబరు 2024

అత్తా,

తింటున్నాను. నాన్నకి చెప్పు.

వారం పాటు బస్టాండు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. నిన్న ఎక్కాను. ఎవరూ ఏమీ అడగలేదు. దారంతా కిటికీ వైపే చూశాను.

ఇల్లు సముద్రం పక్క సందులో ఉంది. వాకిట్లో చాప మీద ఎర్ర మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. సోయోన్ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ తిరగేస్తోంది. కనుబొమ్మలు సన్నగా మొలుస్తున్నాయి. నా కొరియన్ బాగోదు కాబట్టి బర్మీస్‌లోనే, "నేను సయామ మేనల్లుడిని, కృష్ణకుమార్ని" అన్నాను. వాళ్ల అమ్మమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడకి మన మాటలు అర్థం కావు.

సోయోన్ లేచి, తల వంచి నమస్కారం పెట్టింది. నాకు! నాకు అప్పుడు తెలిసింది, సోయోన్ వాళ్లమ్మ మొక్కినప్పుడు నీకెలా అనిపించిందో.

నిలబడే అంతా చెప్పాను. హోటలు, జల్లెళ్లు, వీసా. లైబ్రరీ అబద్ధమని, రెండో ర్యాంకు అబద్ధమని, అయిదు గంటల నిద్ర అబద్ధమని. వింటూ మళ్లీ కూర్చుని మిరపకాయలు తిరగేస్తూ ఉంది. చాప చివరి దాకా తిరగేసింది. వెళ్లిపోదామనుకున్నాను. అప్పుడు మాట్లాడింది. అమ్మమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నువ్వు రాసినదాన్ని బట్టి రెండు నెలల తర్వాత అదే మొదటి మాట, అది కూడా ఆవిడకి తెలియని భాషలో.

"నిద్రొచ్చినప్పుడల్లా నువ్వింకా కూర్చునే ఉన్నావనుకునేదాన్ని" అంది. "నువ్వు పడుకున్నాకే నేను పడుకోవాలని. ఒక్కరోజైనా నిన్ను దాటాలని. మరి అక్కడ ఎవరున్నారు?"

"ఎవరూ లేరు" అన్నాను.

నేను క్షమించమన్నాను.  ఒక మిరపకాయ తుంచింది, గింజలు రాలాయి, వాటిని ఏరి పక్కన పెట్టింది. కాసేపటికి అడిగింది.

"సయామకి తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"పోయిన నెల నుంచి."

ఆలోచించింది. "అయితే సయామ కూడా నిద్రపోవడం లేదు" అంది.

లేచి లోపలికి వెళ్లిపోయింది. నేను చాలాసేపు వాకిట్లోనే నిలబడ్డాను, మళ్లీ బయటికి రాలేదు. అమ్మమ్మ నా చేతులు పట్టుకుని ఏదో చెబుతూ ఏడ్చింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

నీ మేనల్లుడు
కృష్ణకుమార్